కొత్త కుర్చీ ఎక్కాక కోచ్‌ని ఎలా వాడుకోవాలి

ప్రమోషన్ ఆర్డర్ చేతికొచ్చింది. నిన్నటిదాకా షిఫ్ట్ ఇన్‌చార్జి, ఒకటో తారీఖు నుంచి ప్రొడక్షన్ మేనేజర్. స్వీట్లు పంచడం అయ్యాక హెచ్‌ఆర్ నుంచి ఇంకో కబురు: "సార్, మీకు ఆరు నెలలు ఎగ్జిక్యూటివ్ కోచ్‌ని పెడుతున్నాం." ఈ మాట వినగానే చాలామందికి రెండు అనుమానాలు వస్తాయి. నాలో ఏదో లోపం కనిపెట్టారా? మా ప్లాంటు గేటు కూడా చూడని మనిషి నాకేం చెప్తాడు?

మొదటిది వదిలేయండి. పనికిరాడనుకున్నవాడి మీద ఏ కంపెనీ కూడా ఇంత డబ్బు పెట్టదు. రెండో అనుమానం మాత్రం సబబైనదే. కోచ్ మీకు ప్లాంటు గురించి ఏమీ నేర్పరు. మీకు తెలిసి కూడా చేయలేకపోతున్న పని ఏదో మీ నోటితోనే చెప్పించి, అది చేసేదాకా వెంటపడతారు. ఆ పని ఏదో మీకూ మీ బాస్‌కీ ముందే ఒక్క వాక్యంలో తెలిసి ఉంటే కోచింగ్ పనికొస్తుంది. తెలియకపోతే ఆరు నెలలూ కబుర్లతో గడిచిపోతాయి, చివర్లో "చాలా బాగుంది సార్" అని ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతారు.

విశాఖలో ఈ అవసరం కాస్త ఎక్కువే అంటాను. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, తర్వాత భారీ యంత్రాలు తయారుచేసే బీహెచ్‌పీవీ, స్టీల్ ప్లాంట్, ఇప్పుడు పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం, రుషికొండ ఐటీ కొండలు. ఈ ఊళ్లో మనుషులు పైకొచ్చేది పనితనంతో. మోటారు శబ్దం విని బేరింగ్ పోయిందని చెప్పగలిగినవాడు ఇన్‌చార్జి అవుతాడు, కొన్నాళ్లకి అతనే మేనేజర్ అవుతాడు. మేనేజరయ్యాక కూడా బ్రేక్‌డౌన్ అనగానే హెల్మెట్ తగిలించుకుని పరిగెడతాడు. అతను రాగానే కొత్త ఇన్‌చార్జి పక్కకి తప్పుకుంటాడు. మెషీన్ నడుస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. వచ్చే నెల బడ్జెట్ మీటింగుకి మాత్రం మనవాడి దగ్గర కాగితం ఉండదు. రుషికొండలో కోడ్ బాగా రాసి డెలివరీ మేనేజర్ అయినవాళ్ల సంగతీ ఇంతే, హెల్మెట్ ఒక్కటే తేడా.

ముందు తేల్చుకోండి: కావాల్సింది కోచేనా?

కొత్త పోస్టులో ఇబ్బంది పడే ప్రతివాళ్లకీ కోచ్ అక్కర్లేదు. బడ్జెట్ ఎలా వేయాలో, కంపెనీ లెక్కలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌లో ఇండెంట్ ఎలా పెట్టాలో తెలియకపోతే ట్రైనింగ్ అడగండి. ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందో, ఏ యూనియన్ నాయకుడితో ముందు మాట్లాడాలో తెలియకపోతే మీకు కావాల్సింది మెంటర్. రిటైరైన స్టీల్ ప్లాంట్ అధికారులు, నేవీ వాళ్లు, పోర్టు వాళ్లు ఇక్కడ ప్రతి కాలనీలోనూ ఉంటారు. సగం మంది పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకి వస్తారు. పక్కన నడుస్తూ అడిగితే చాలు, పైసా ఖర్చుండదు, చెప్పడం వాళ్లకీ సరదానే. రాత్రిళ్లు నిద్ర పట్టకుండా, పొద్దున ఆఫీసు గేటు కనబడగానే గుండె దడ వస్తుంటే డాక్టర్‌ని కలవాలి. మంచి కోచ్ అయితే ఆ మాట తామే చెప్పి పంపిస్తారు.

ఇంకో రకం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. పోస్టు ఇచ్చారు గానీ అధికారం ఇవ్వలేదు. డెలిగేషన్ ఆఫ్ పవర్స్ కాగితం తెప్పించుకుని మీ సంతకంతో ఎంత దాకా ఖర్చు పెట్టొచ్చో, ఎవరికి సెలవు ఇవ్వొచ్చో, ఎవరిని బదిలీ చేయొచ్చో చూడండి. పాత మేనేజర్‌కి ఉన్నవి మీకు లేకపోతే ముందు బాస్ దగ్గర అది తేల్చుకోండి. చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టుండే పోస్టులో కోచ్ ఉన్నా లేకున్నా ఒకటే. కొన్ని కంపెనీల్లో అధికారం ఇవ్వడం ఇష్టం లేక, బదులుగా కోచింగ్ ఇస్తారు. ఆ తేడా మీరే కనిపెట్టాలి.

తెలుసు, అయినా చేయడం లేదు అన్నచోటే కోచ్ అవసరం. పని అప్పగించి చూస్తూ ఊరుకోలేకపోవడం, పాత స్నేహితుడిని మందలించలేకపోవడం, పైవాళ్ల మీటింగులో నోరు పెగలకపోవడం, మొహమాటానికి అన్నిటికీ సరేనని శనివారం రాత్రి దాకా ఆఫీసులోనే ఉండిపోవడం. ఇలాంటివి మీ దగ్గర ఏమున్నాయో రాసుకోండి. ఒకటో రెండో చాలు.

మొదటి నెల కోచ్ లేకుండానే గడపండి

ఆర్డర్ వచ్చిన వారమే కోచింగ్ మొదలుపెడితే మీ దగ్గర మాట్లాడటానికి సరుకుండదు. అప్పటికి మీకు తెలిసింది మీ భయాలే. మొదటి మూడు నాలుగు వారాలు కింద పనిచేసే వాళ్లందరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఒకే మూడు ప్రశ్నలు అడగండి: ఏది బాగా నడుస్తోంది, ఏది మీ పనికి అడ్డొస్తోంది, నేను ముందు ఏం చూడాలి. అందరినీ అవే అడిగితేనే జవాబుల్లో తేడా కనబడుతుంది. స్టోర్స్, మెయింటెనెన్స్, నాణ్యత చూసే క్యూఏ వాళ్లనీ వదలొద్దు. మీ బాస్‌ని అడగాల్సింది ఒక్కటే: "ఆరు నెలల తర్వాత నా పని చూసి, వీణ్ణి ఎంచుకోవడం మంచిదే అయిందని మీరనుకోవాలంటే ఏం కనబడాలి?" ఆయన "చూద్దాంలే" అంటే వారం ఆగి మళ్లీ అడగండి.

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కొత్తగా ఇక్కడికి వచ్చినవాళ్లు, నిన్నటి తోటివాళ్లకే ఇవాళ బాస్ అయినవాళ్లు మాత్రం కొంచెం ముందే మొదలుపెట్టొచ్చు.

ఆ రెండోవాళ్లకి ఒక పని వాయిదా వేయడానికి వీల్లేదు. మీతోపాటు ట్రైనీగా చేరి, ఒకే కంపెనీ బస్సులో తిరిగి, ఏరా అంటే ఏరా అనుకున్న మనిషి అప్రైజల్ ఇప్పుడు మీరు రాయాలి. ఆ పోస్టు అతనూ ఆశించి ఉంటాడు. అతనితో మీరే ముందు, ఒంటరిగా మాట్లాడాలి. సెలవులు, ఓవర్‌టైమ్, అప్రైజల్ విషయాల్లో ఏం మారుతుందో, ఆదివారం క్రికెట్‌లో ఏం మారదో తిన్నగా చెప్పాలి. కోచ్ దొరికాక మొదట రిహార్సల్ చేయాల్సింది ఈ సంభాషణే. కోచ్‌ని స్నేహితుడిగా కూర్చోబెట్టి మీరు అనబోయే మాటలు పైకి అనండి. తలలో ఎంతో మర్యాదగా ఉన్న మాట నోట్లోంచి వచ్చేసరికి ఉపన్యాసంలా ఎలా మారుతుందో అప్పుడు తెలుస్తుంది.

కోచ్‌ని ఎంచుకోవడం

హెచ్‌ఆర్ ఒక్కరి పేరే ఇస్తే ఇంకో ఇద్దరివి అడగండి. ఎంచుకునే హక్కు మీకుండాలి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అందరూ ఐసీఎఫ్ అంటారు, 1995లో పుట్టిన సంస్థ. అది ఇచ్చే గుర్తింపులు మూడు: ఏసీసీకి కనీసం 100 గంటల కోచింగ్ అనుభవం, పీసీసీకి 500, ఎంసీసీకి 2,500 గంటలు చూపాలి, దానికి తోడు శిక్షణ, పరీక్ష. ఈ అక్షరాలు ఉంటే ఆ మనిషి ఈ పని నేర్చుకుని చేస్తున్నారని అర్థం. మీకు సరిపోతారా అనేది సర్టిఫికెట్ చెప్పదు. కంపెనీలు నడిపి రిటైరై, విజిటింగ్ కార్డు మీద కోచ్ అని వేయించుకున్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్లలో మంచి మెంటర్లు దొరుకుతారు. కోచింగ్ అడిగితే మాత్రం తమ కథే చెప్తారు.

డబ్బు మాట్లాడకముందు అరగంట పరిచయ సమావేశం అడగండి, సాధారణంగా దీనికి ఫీజు తీసుకోరు. అందులో ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించండి. ముప్పావు వంతు వాళ్లే మాట్లాడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. మీరు చెప్పిన సమస్యకి అక్కడికక్కడే పరిష్కారం చెప్పేసినా అంతే. "ఏడాదిలో వీపీని చేస్తాను" అన్నవాళ్లనీ, మొదటి మాటలోనే పర్సనాలిటీ టెస్టు అమ్మజూపిన వాళ్లనీ దూరం పెట్టండి. మీ బాస్‌కి కూడా ఆ కోచే ఉంటే వద్దనండి. ఎంత నిజాయితీపరులైనా మీరు మనసు విప్పి మాట్లాడలేరు.

భాష సంగతి. ఇక్కడ నేను కాస్త పట్టుదలగా చెప్తాను: తెలుగు వచ్చిన కోచ్‌ని వెతుక్కోండి. రోజంతా ఆఫీసులో ఇంగ్లిష్ నడిపే మనిషి కూడా తన మీద తనకున్న కోపాన్ని, పక్కవాడి మీద ఉన్న అసూయని ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు రివ్యూ మీటింగు భాషలోకి జారిపోతాడు. "దేర్ ఈజ్ ఎ గ్యాప్ ఇన్ అలైన్‌మెంట్" అంటాడు. తెలుగులో అయితే "ఆయనకి నేనంటే గిట్టదండీ" అనేస్తాడు. పని మొదలయ్యేది ఆ మాట దగ్గర్నుంచే. విశాఖలోనే దొరకాలని పట్టుపట్టక్కర్లేదు, హైదరాబాద్‌లో ఉన్న మనిషితో వీడియో కాల్‌లో చక్కగా నడుస్తుంది.

ఇక్కడే ఉన్నవాళ్లయితే ఎక్కడ కలుస్తారో ఆలోచించుకోండి. విశాఖ చూడటానికి పెద్ద ఊరే గానీ, ఇద్దరు ఇంజినీర్లు కలిస్తే రెండు నిమిషాల్లో ఆంధ్రా యూనివర్సిటీ బ్యాచో, బంధుత్వమో బయటపడే ఊరు. సిరిపురం కాఫీ షాపులో కూర్చుని మీ జీఎం గురించి మాట్లాడుతుంటే పక్క టేబుల్ దగ్గర ఆయన బావమరిది ఉండొచ్చు. తలుపు వేసుకునే గది కావాలి. అది మీ ఆఫీసులో అద్దాల గది అయితే అసలే వద్దు.

ముగ్గురూ కూర్చునే మీటింగు

దీన్ని చాలా కంపెనీల్లో ఎగ్గొడతారు. కోచింగ్ వృథా అయ్యేది ఎక్కువగా ఇందువల్లే. మొదటి సెషన్‌కి ముందు మీరు, మీ బాస్, కోచ్ ఒక గంట కూర్చోవాలి. హెచ్‌ఆర్ కూడా ఉంటే ఉండొచ్చు. తేలాల్సినవి రెండే.

ఒకటి, గుట్టు. మీరు సెషన్లకి వస్తున్నారా, పెట్టుకున్న లక్ష్యం ఎక్కడిదాకా వచ్చింది, ఈ రెండే కంపెనీకి తెలియాలి. లోపల మాట్లాడినవి కోచ్ దగ్గరే ఉండాలి, చట్టానికో ప్రాణానికో ప్రమాదం ఉంటే తప్ప. ఇది నోటిమాటగా వదలకుండా ఒప్పందంలో రాయించండి.

రెండు, నేను మొదట్లో చెప్పిన ఆ ఒక్క వాక్యం. "లీడర్‌షిప్ స్కిల్స్ పెంచుకోవాలి" అని బాస్ అంటారు. అందరూ తలూపుతారు. అక్కడ ఆగి మీరే అడగాలి: "సార్, మీరు ఏం చూస్తే పెరిగాయనుకుంటారు?" ఆయన కాసేపు నాన్చుతారు. తర్వాత అసలు మాట వస్తుంది: "సీ షిఫ్ట్‌లో, అంటే రాత్రి షిఫ్ట్‌లో, ఏం జరిగినా ఈయనకే ఫోన్. ఈయన లీవు పెడితే ప్లాంటు ఆగుతోంది." అదే వాక్యం. దాన్ని ఇలా రాసుకోండి: ఆరు నెలల్లో, రాత్రి షిఫ్ట్ నిర్ణయాలు ఇన్‌చార్జే తీసుకోవాలి, నేను వారం సెలవు పెట్టినా బ్యాచ్‌లు ఆగకూడదు. ఫోన్లు తగ్గాయో లేదో ఎవరైనా లెక్కపెట్టొచ్చు.

బాస్‌కి మనసులో ఫలానా మాట ఉండి, మీ ముఖం మీద చెప్పలేక కోచ్ ద్వారా చెప్పించాలనుకోవడం కూడా జరుగుతుంది. మంచి కోచ్ ఆ ఉత్తరాలు మోసే పని ఒప్పుకోరు, ముగ్గురి మధ్యనే చెప్పించేస్తారు.

గంటలో ఏం జరుగుతుంది

ఆరు నెలల కోచింగ్ అంటే మామూలుగా రెండు వారాలకోసారి, గంట నుంచి గంటన్నర. చాలామంది కోచ్‌లు వాడేది గ్రో (GROW) అనే నాలుగు మెట్ల వరస, బ్రిటన్‌కి చెందిన జాన్ విట్‌మోర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఈ గంటలో ఏం తేలాలి, ఇప్పుడు నిజంగా ఏం జరుగుతోంది, ఏమేం చేయొచ్చు, వాటిలో ఏది చేస్తారు. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రెండో మెట్టు దగ్గర, అంటే నిజంగా ఏం జరుగుతోందన్న చోట, ఎక్కువ సేపు ఉండటానికి ఒప్పుకోండి. అందరూ అక్కడినుంచి పారిపోయి పరిష్కారాల్లోకి దూకుతారు.

పరవాడలో ఒక మందుల ప్లాంటు అనుకోండి. ఆ రాత్రి ఫోన్ల గురించే సెషన్.

"నిన్న రాత్రి ఎన్నింటికి చేశాడు?" అడిగింది కోచ్.

"రెండున్నరకండీ. సెంట్రిఫ్యూజ్ వైబ్రేషన్ ఎక్కువగా ఉంది, ఆపేయమంటారా సార్ అని."

"ఆపాలని అతనికి తెలీదా?"

"తెలుసండీ. ఎనిమిదేళ్ల సర్వీసు. ఎందుకు తెలీదూ?"

"మరి ఎందుకు చేశాడు?"

"భయం. బాధ్యత తీసుకోడు."

"దేనికి భయం?"

కాసేపు మాట లేదు. "పొద్దున్న అడుగుతారని."

"ఎవరు అడుగుతారు?"

"...నేనేనండీ. ఎవర్నడిగి ఆపావు అంటాను."

ఎనిమిదేళ్ల సర్వీసున్న మనిషి చేత రాత్రి రెండున్నరకి ఫోన్ చేయించింది తన ఉదయం తొమ్మిది గంటల మీటింగేనని ఆ మేనేజర్‌కి ఇంకొకరు చెప్పుంటే ఒప్పుకునేవాడు కాదు. ప్లాంటు గురించి ఏమీ తెలియని మనిషి కాబట్టే ఆవిడ సెంట్రిఫ్యూజ్ గురించి అడక్కుండా ఫోన్ గురించి అడిగింది. తెలిసిన మనిషైతే బాస్కెట్ బ్యాలెన్స్ చూశారా, బేరింగ్ ఎప్పుడు మార్చారు అంటూ ఆ గంటంతా మెషీన్ బాగుచేసేవారు.

సెషన్ ఇక్కడితో ఆగితే అవి ఉత్తి కబుర్లే. చివరి పది నిమిషాల్లో చేసే పని తేలాలి. ఈ కేసులో అది ఒక కాగితం, మూడు గళ్లు: ఇన్‌చార్జి తానే తీసుకునే నిర్ణయాలు, తీసుకుని పొద్దున చెప్పాల్సినవి, వెంటనే ఫోన్ చేయాల్సినవి. మనిషికి దెబ్బ తగిలినా, సాల్వెంట్ కారినా, గ్యాస్ వాసన వచ్చినా అర్ధరాత్రయినా ఫోన్ చేయాల్సిందే. 2020 మేలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకయ్యాక ఈ ఊళ్లో ఆ గడి గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కాగితం ఇన్‌చార్జిలతో కూర్చుని నింపాలి, సేఫ్టీ వాళ్ల చేత, క్యూఏ చేత చూపించుకోవాలి. దాంతోపాటు కష్టమైన పని ఇంకోటుంది: రెండు వారాలు పొద్దున మీటింగులో "ఎవర్నడిగి" అనే మాట వాడకూడదు. "ఏం చూసి ఆపావు?" అని అడగొచ్చు.

సెషన్‌కి వెళ్లేముందు పది నిమిషాలు కూర్చుని రాసుకోండి: పోయినసారి చేస్తానన్నది చేశానా, చేస్తే ఏమైంది, చేయకపోతే ఏం అడ్డొచ్చింది, ఇవాళ ఏది మాట్లాడాలి. ఖాళీ చేతులతో వెళ్తే ఆ రోజు ట్రాఫిక్ గురించి, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆగిపోవడం గురించి మాట్లాడి వచ్చేస్తారు. షట్‌డౌన్ ఉందని వరసగా వాయిదా వేసేవాళ్లకి ఒకటే మాట: మీరు లేకపోతే షట్‌డౌన్ నడవదనుకోవడమే మీ సమస్య కావచ్చు, ఆ వారమే వెళ్లండి.

సెషన్‌కీ సెషన్‌కీ మధ్య రెండు వారాలు

మీరు మారుతున్నారో లేదో మీకు తెలియదు, చుట్టుపక్కల వాళ్లకి తెలుస్తుంది. ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని నెలకోసారి అడగండి. చిక్కేమిటంటే, కింద పనిచేసేవాళ్లని "నేనెలా ఉన్నాను" అంటే "మీకేంటి సార్, సూపర్" అంటారు. అందుకని జరిగిపోయిన దాని గురించి, మీ గురించి అడగొద్దు. ముందు జరగాల్సిన దాని గురించి, పని గురించి అడగండి. అమెరికాకి చెందిన కోచ్ మార్షల్ గోల్డ్‌స్మిత్ దీన్ని ఫీడ్‌ఫార్వర్డ్ అంటారు. "వచ్చే నెల నేను ఒక్క పని ఆపేస్తే మీ పని తేలికవ్వాలంటే, ఏది ఆపమంటారు?" అని అడిగితే ఎంత మొహమాటస్తుడైనా ఏదో ఒకటి చెప్తాడు. విన్నాక థాంక్స్ చెప్పి ఊరుకోవాలి. "అదికాదు, అప్పుడేమైందంటే" అని మొదలెట్టారా, ఇక ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు.

కంపెనీ 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్, అంటే పైవాళ్లూ పక్కవాళ్లూ కిందివాళ్లూ పేరు లేకుండా మీ గురించి చెప్పే పద్ధతి, పెడతానంటే, మీ కింద ముగ్గురే ఉంటే ఒప్పుకోవద్దు. పేర్లు లేకపోయినా ఎవరి మాట ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత మనసులు విరుగుతాయి. అలాంటి చోట కోచ్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి సారాంశం చెప్పడం మేలు.

డబ్బు, సొంత ఖర్చు

కంపెనీ పెట్టుకుంటే మీకు ఆ బాధ లేదు. సొంతంగా పెట్టుకునేవాళ్లు, ఆటోనగర్‌లో యూనిట్ నడిపే నాన్న దగ్గర్నుంచి వ్యాపారం అందుకున్న కొడుకూ కూతుళ్ల లాంటివాళ్లు, మొత్తం ఆరు నెలలకి ఒకేసారి కట్టకండి. నాలుగు సెషన్లకి మాట్లాడుకుని, చూసి ముందుకెళ్లండి. చెప్పిన ఫీజులో జీఎస్‌టీ కలిసి ఉందా, పైన 18 శాతం వేస్తారా, సెషన్ రద్దు చేస్తే డబ్బు పోతుందా, ఇవి ముందే అడగండి.

అంత భరించలేకపోతే ఇంకో దారి ఉంది. వేరే కంపెనీలో మీలాగే కొత్తగా మేనేజరైన మనిషిని ఒకరిని చూసుకోండి, మీ పోటీ కంపెనీ కాకూడదు. రెండు వారాలకోసారి గంట: అరగంట మీ విషయం, అరగంట వాళ్లది. వినేవాళ్లు ప్రశ్నలే వేయాలి, సలహా ఇవ్వకూడదు. మొదట్లో నోరు కట్టుకోవడం నరకంగా ఉంటుంది. గంభీరంలో ఉన్న ఐఐఎం విశాఖపట్నం, 2015లో మొదలైంది, ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం కోర్సులు నడుపుతోంది. చదువు కావాల్సినవాళ్లకి అది మంచి దారే, అలాంటి క్లాసులో ఈ జోడీ కూడా దొరకొచ్చు.

ఎప్పుడు ఆపాలి

మూడో సెషన్ అయ్యాక ఒకసారి లెక్క చూసుకోండి. బయటికి వచ్చినప్పుడు మనసు తేలికగా ఉంది గానీ సోమవారం మీటింగులో మీరు ఏమీ వేరేగా చేయడం లేదంటే, ఆ మాట కోచ్‌కి చెప్పేయండి. విని పద్ధతి మార్చుకుంటే కొనసాగండి, నొచ్చుకుంటే మనిషిని మార్చండి. మధ్యలో, అంటే మూడో నెలలో, మళ్లీ ముగ్గురూ కూర్చోవాలి. బాస్ ఈలోపు ఆ వాక్యమే మర్చిపోయి ఉంటారు, కాగితం తీసి చూపించండి.

ఆరు నెలలు పూర్తవుతుంటే హెచ్‌ఆర్ ఇంకో ఆరు నెలలు పొడిగిస్తామంటుంది. కోచ్ కూడా కాదనకపోవచ్చు, అది వాళ్ల జీవనం. మొదటి వాక్యం పూర్తయి, మీకూ మీ బాస్‌కీ ఇంకో వాక్యం సిద్ధంగా ఉంటేనే ఒప్పుకోండి. లేకపోతే మూడు నెలల తర్వాత ఒక్క గంట కాల్ పెట్టుకుని, మిగిలిన బడ్జెట్‌ని మీ సీ షిఫ్ట్ ఇన్‌చార్జి ట్రైనింగ్‌కి వాడమని అడగండి. అతని పేరు, కోర్సు పేరు, తేదీలు రాసి ఆ వారమే మెయిల్ పెట్టండి, ఆర్థిక సంవత్సరం ముగిస్తే ఆ డబ్బు వెనక్కి పోతుంది.